గాదెయు, చిట్టాయు: పోలియో రక్షణకు రక్తపరీక్ష



శిశుపక్షవాతమని పేరొందిన పోలియో వ్యాధిలో నొక విచిత్రమున్నది. దాని వైరసు సోకిన పిల్లలు నూర్గురున్నను, వారిలో కాలుసేతులు పడిపోయినవాడు ఒక్కడైన కనబడకపోవచ్చును. సుమారు 200 మందిలో ఒక్కరికి మాత్రమే పక్షవాతము గలుగును. తక్కినవారు స్వల్పజ్వరముతోనో, ఏ బాధయు లేకయో గడచిపోవుదురు. కావున పక్షవాతము వచ్చినవారిని లెక్కించి, ఊరిలో రక్షణగలవారెందఱో తేల్చుట అసాధ్యము. ఆ లెక్క రక్తములో వ్రాయబడి యున్నది.

వైరసు సోకినప్పుడుగాని, టీకా పుచ్చుకొన్నప్పుడుగాని, శరీరము దానిని నిర్వీర్యము చేయు ప్రతిరక్షకములను పుట్టించుకొనును. పోలియో వైరసులు మూడు రకములు. ఒక రకమునకు పుట్టిన రక్షణ మఱియొక రకమునకు చాలదు. కావున మూడు ఖాతాలను వేర్వేఱుగ తనిఖీ చేయవలెను.

పూర్వము ఈ పరీక్షకు కోతులు కావలసి యుండెను. 1949లో అమెరికాదేశమున ఎండర్సు, వెల్లరు, రాబిన్సు అను శాస్త్రజ్ఞులు గాజుపాత్రలలోని జీవకణములందు ఈ వైరసును పెంచగలిగిరి. ఇందులకు వారికి 1954లో నోబెల్ బహుమానము లభించెను. నాటినుండి పరీక్ష సులభమైనది.

దాని విధానమిట్టిది. రక్తమునుండి రసమును వేఱుచేసి, రెట్టింపు చొప్పున పలుచన చేయుదురు. మొదట 8 వంతులకు ఒక వంతు, పిదప 16కు, 32కు, 64కు, ఇట్లు వేయి దాటువఱకును. ప్రతిదానియందును నిర్ణీతమైన వైరసును కలిపి, కొంతకాలముంచి, జీవకణములకు చేర్తురు. ప్రతిరక్షకములున్నచో కణములు బ్రతుకును. లేనిచో కొలది దినములలో నశించును. ఎంత పలుచనవఱకు కణములు నిలిచెనో ఆ సంఖ్యయే కొలత. సాధారణముగ 8గాని, అంతకెక్కువగాని వచ్చినచో ఆ రకమునకు ప్రతిరక్షకములున్నట్లు నిర్ణయింతురు.

చిట్టాలో జమ వ్రాసినంతమాత్రమున గాదెలోనికి ధాన్యము చేరదు. 1970 దశకమున రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు జేకబ్ జాన్, ఆయన సహచరులు మూడు మోతాదుల చుక్కలమందు పుచ్చుకొన్న పిల్లల రక్తమును పరీక్షించిరి. రెండవరకమునకు చాలమందిలో ప్రతిరక్షకములు పుట్టినవి. ఒకటవ, మూడవ రకములకు అనేకులలో పుట్టలేదు. చీటీలో మూడు మోతాదులును వేసినట్లే యున్నది. బిడ్డకు మాత్రము రక్షణ లేదు! ఈ దేశపు పిల్లలకు మోతాదులు మూడు చాలవని అట్లు తెలిసినది. 1995 నుండి పల్స్ పోలియో దినములలో ఇంటింటి బిడ్డకును మరల మరల చుక్కలు వేసిరి. భారతదేశమున సహజవైరసుచే కలిగిన చివరి వ్యాధి 2011 జనవరి 13న హౌరా జిల్లాలో కనబడినది. 2014 మార్చి 27న ఈ ప్రాంతము పోలియోరహితమని ప్రకటింపబడినది.

అయినను ఈ కొలతకు హద్దులున్నవి. పసికందు రక్తములో కనబడునది తల్లి యిచ్చిన రక్షణ కావచ్చును. అది కొన్ని నెలలలో క్షీణించును. అభిమన్యుడు గర్భమున విన్న విద్య వ్యూహము చొచ్చుటకు చాలెనేగాని వెలువడుటకు చాలలేదు గదా! మఱియు సూదిమందు పొందిన బిడ్డ రక్తమున రక్షణయున్నను, ప్రేగులలో వైరసు పెరిగి ఇతరులకు సోకవచ్చును. అందుచే మురుగునీటిని గూడ పరీక్షింతురు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో, టీకానుండి మార్పుచెందిన రెండవరకపు వైరసు కనబడగా, సుమారు 3 లక్షల పిల్లలకు సూదిమందులో అయిదవవంతును చర్మములో వేసిరి.

2024లో గూడ పాకిస్థాను, ఆఫ్ఘనిస్థానములలో సహజవైరసు పిల్లలను కుంటివారిని చేసినది. వ్యాధి లేని యూరికిని తనిఖీ తప్పదు. పరీక్షకై కొద్దిపాటి రక్తమడిగినచో తల్లులు శంకింపక, ప్రయోజనమడిగి తెలిసికొని, యిచ్చుట మేలు. బీరువాలోని గ్రంథముల సంఖ్య గ్రామస్థుల విద్యకు కొలత కానట్లే, చీటీలోని మోతాదుల సంఖ్య బిడ్డల రక్షణకు కొలత గాదు. లోన నిలిచినదే నిజమైన నిల్వ.