మిద్దెమీద ఎండ, మీటరులో యూనిట్లు



పొలం, పంట, ఎరువు అని మాట్లాడవలసిన వ్యవసాయ ఉద్యోగి ఇవాళ పట్నపు ఇళ్ల కరెంటు సంగతి ఎత్తుకున్నాడేమిటా అని మీరు అనుకోవచ్చు. వ్యవసాయమంటే ఎండను పట్టి గింజగా మార్చటమే గదా! వరి ఆకు ఆ పని చేస్తున్నది. సూర్యఫలకం అదే ఎండను పట్టి కరెంటుగా మారుస్తున్నది. మిద్దె కూడా ఒక మడిచెక్క లాంటిదే గనుక దానిని గురించి నాలుగు మాటలు చెప్పటం నా పనిలోనిదే.

ఇంకొక కారణం కూడా ఉన్నది. మార్చి నెల వచ్చేసరికి పల్లెల్లో యాసంగి వరికి బోర్లు నడుస్తుంటాయి. సరిగ్గా అప్పుడే సికింద్రాబాదులో ఫంకాలు, ఏసీలు మొదలవుతాయి. 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్రపు గరిష్ఠ వాడకం 17,000 మెగావాట్లు దాటింది. మెట్టుగూడలో మీరు పొదుపు చేసిన యూనిట్ వృథాగా పోదు. అది ఎక్కడో ఒక మడికి తడి అవుతుంది.

ముందు యూనిట్ అంటే ఏమిటో చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. మీ ఇంట్లో 75 వాట్ల పాత ఫంకాలు నాలుగు ఉన్నవనుకోండి. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 108 యూనిట్లు అవుతవి. ఫ్రిజ్‌కు 30, నీళ్లు కాచే గీజరు రోజూ అరగంట వేస్తే 30, దీపాలు, టీవీ, మిక్సీ అన్నీ కలిపి 30, నీళ్ల మోటారుకు 15. మొత్తం 213 యూనిట్లు.

ఈ 213లో ఒక చిక్కు ఉన్నది. 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన ధరల పట్టిక తీసి చూడండి. నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడిన ఇంటికి మొదటి 100కు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100కు 4 రూపాయల 80 పైసలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. అదే 201 అయిందో, పట్టికే మారిపోతుంది. మొదటి 200కూ యూనిట్ 5 రూపాయల 10 పైసల చొప్పున పడుతుంది. ఆపైన ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ గట్టు దాటినందుకు 207 రూపాయలు ఎక్కువ! స్థిర చార్జీలు వగైరా దీనికి వేరు.

2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్లకైతే ఈ 200 గట్టు మరీ ముఖ్యం. గట్టు లోపల ఉంటే బిల్లే లేదు, దాటితే మొత్తం బిల్లు కట్టుకోవలసిందే. ఆ ఇంటి ఇల్లాలికి నెలాఖరున ఒక యూనిట్ విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

మరి చేయవలసిన మొదటి పని ఏమిటి? సూర్యఫలకం కొనటం కాదు. చిల్లి ఉన్న కుండలో ఎన్ని నీళ్లు పోస్తే నిలుస్తవి? ముందు చిల్లి పూడ్చాలి. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫంకాలు వస్తున్నవి. ఇవి సుమారు 30 వాట్లతో తిరుగుతవి. నాలుగింటిలో రెండు మార్చినా నెలకు 32 యూనిట్లు తగ్గి 213 కాస్తా 181 అవుతుంది. బిల్లు 1,120 రూపాయల నుండి 729కి దిగుతుంది. ఒక్కొక్క ఫంకా సుమారు 3 వేలు అనుకున్నా ఏడాదిన్నర లోపల పెట్టుబడి తిరిగివస్తుంది. రైల్వే క్వార్టర్లలో ఉండేవారికి, అద్దె ఇళ్లవారికి మిద్దె చేతిలో ఉండదు గాని ఫంకా చేతిలోనే ఉన్నది. ఇల్లు మారితే విప్పి వెంట తీసుకుపోవచ్చు.

పాత 60 వాట్ల బల్బు ఇంకా ఎక్కడైనా వెలుగుతుంటే దాని స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. ఏసీ ఉంటే 24 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక ఫంకా తోడు వేయండి. 2020 జనవరి నుండి నక్షత్రాల గుర్తుతో వచ్చే ఏసీలను మొదటే 24 డిగ్రీలకు అమర్చి అమ్మాలని నిబంధన పెట్టినది ఇందుకే.

ఇక సూర్యఫలకాల సంగతి. మెట్టుగూడ మీదుగా 2017 నవంబరు నుండి మెట్రో రైలు నడుస్తున్నది. ఆ మెట్రోవారు ఉప్పల్ డిపోలో సూర్యఫలకాలు పరిచి తమ అవసరంలో కొంత కరెంటు తామే పండించుకుంటున్నారు. పల్లె ఉదాహరణ కావాలంటే నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లె ఉన్నది. అక్కడ 2025 నాటికి 400కు పైగా ఇళ్లమీద 3 కిలోవాట్ల చొప్పున ఫలకాలు ఎక్కినవి.

మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు ఫలకాలు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తవి. అంటే నెలకు 120. వానాకాలం మబ్బులకు తగ్గుతుంది, మాఘ ఫాల్గుణాల్లో పెరుగుతుంది. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30 వేలు, మూడవదానికి 18 వేలు, వెరసి 78 వేల రూపాయల వరకు సబ్సిడీ నిర్ణయించారు. ఆ సొమ్ము ముందుగా చేతికి రాదు. ఫలకాలు బిగించి, విద్యుత్ సంస్థవారు తనిఖీ చేసి, మీటరు మార్చిన పిమ్మట మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. దేశంలో తయారైన ఫలకాలకే సబ్సిడీ వర్తిస్తుంది. గుర్తింపు పొందిన సంస్థతోనే పని చేయించుకోవాలి.

లాభం అందరికీ ఒకే తీరుగా ఉండదు. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి ఇదే పట్టిక ప్రకారం 2,690 రూపాయలు అవుతుంది. 3 కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు మిద్దెమీదనే పండుతవి. మిగిలిన 40కి వంద రూపాయలు కూడా కాదు. ఖర్చు లక్షా 80 వేలు అనుకుంటే, సబ్సిడీ పోను లక్షా రెండు వేలు. అది మూడున్నర ఏండ్లలో తీరిపోతుంది. ఫలకాలు 25 ఏండ్లు పనిచేస్తవి. మధ్యలో ఒకసారి ఇన్వర్టరు మార్చవలసి రావచ్చు, దానికి కొంత సొమ్ము దాచిపెట్టండి. ఇక సున్నా బిల్లు వచ్చే ఇంటివారు అప్పు చేసి ఫలకాలు పెడితే నెల నెలా వాయిదా మిగులుతుందిగాని, తగ్గటానికి బిల్లు ఏదీ? ఎవరో వచ్చి తొందరపెట్టినారని సంతకం చేయకండి. ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క కట్టుకోండి.

పెట్టదలచినవారు మరి నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఫలకాలు దక్షిణ ముఖంగా, సుమారు 17 డిగ్రీల వాలుతో ఉండాలి. రెండు, నీడ పనికిరాదు. నీళ్ల ట్యాంకు నీడ ఒక మూల పడినా వరుస మొత్తం దిగుబడి తగ్గవచ్చు. అందుకని పచ్చని వేపచెట్టును కొట్టబోకండి, ఫలకాన్నే జరపండి. చెట్టు నీడ ఇంటిని చల్లగా ఉంచి మీ ఫంకా ఖర్చును తగ్గిస్తున్నది. మూడు, దుమ్ము. పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున మంచినీటితో కడగండి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దంమీద చన్నీళ్లు పోయకండి. నాలుగవది చాలామందికి తెలియనిది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఫలకాలు, వీధిలో కరెంటు పోతే ఎంత ఎండ కాస్తున్నా ఆగిపోతవి. స్తంభంమీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా అట్లా ఏర్పాటు చేశారు. అది లోపం కాదు, ఒక మనిషి ప్రాణానికి రక్ష.

మిద్దెతోట ఉన్నవారు ఫలకాలను మనిషెత్తు దూలాలమీద బిగించుకుంటే కింద ఆకుకూరలకు చలువ పందిరి అవుతుంది. గాలివానకు ఎగిరిపోకుండా దూలాలు గట్టివిగా ఉండాలి సుమా.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఈ సాయంకాలం మీటరు దగ్గరకు వెళ్లి అంకె రాసుకోండి. రేపు అదే వేళకు మళ్లీ రాసుకోండి. ఆ రెండింటి తేడా మీ ఇంటి రోజు ఖర్చు. అది ఆరున్నర దాటుతుంటే నెలకు 200 గట్టు తెగబోతున్నదన్నమాట. ఏ ఫంకా ముందు మార్చాలో అప్పుడు మీకే తెలుస్తుంది.