పొదుపు పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

(కర్నూలులో స్వచ్ఛంద సంస్థల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెలనెలా కట్టే పొదుపు ఖాతాలను స్త్రీలు పూర్తిగా ఉపయోగించుకోవడం ఎలా అన్నది ఈ పూట నాకు ఇచ్చిన అంశం. వినడానికి బ్యాంకు కరపత్రంలా ఉంది. అయినా తీసిపారేయదగ్గ అంశం కాదు. ముప్పై ఏళ్లుగా పేద స్త్రీల గురించి మన ప్రభుత్వాలు మాట్లాడినప్పుడల్లా పొదుపు మాట వచ్చింది. సమాన కూలి గురించీ, స్త్రీల పేరిట భూమి గురించీ అంత ఉత్సాహం నేను చూడలేదు. పొదుపు చేయమని చెప్పడం ఎవరికీ ఖర్చులేని పని. అందుకే దాన్ని మన వైపు నుంచి ఒకసారి విప్పి చూడాలి.

ఈ సీమలో ఆడవాళ్లకు దాచుకోవడం ఎవరూ నేర్పలేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసుకునేవాళ్లు. పోపుల డబ్బాలో ఆవాల కింద నోటు మడిచి పెట్టేవాళ్లు. అంగడికి పోయి వచ్చాక మిగిలిన చిల్లర మొగుడికి లెక్క చెప్పకుండా కొంగుకు ముడివేసుకునేవాళ్లు. ఈరోజు ఫోన్లలో ‘రౌండప్’ అని ఒక ఏర్పాటు వచ్చింది. మీరు 47 రూపాయల సరుకు కొంటే దాన్ని 50 చేసి, మిగిలిన 3 రూపాయలను ఏదో ఒక ఖాతాలోకి పంపుతుంది. కొంగుముడికి యంత్రరూపం అన్నమాట. తేడా ఏమిటంటే కొంగుముడి సంగతి ఆమెకు మాత్రమే తెలుసు. ఫోను సంగతి ఇంట్లో ఇంకొకరికి కూడా తెలుస్తుంది. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ఈ కొంగుముడి బయటికి వచ్చి పుస్తకంగా మారిన చరిత్ర మీకు తెలిసిందే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతుల నుంచి సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలితే దాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ జిల్లాలో వచ్చిన జవాబు ‘పొదుపులక్ష్మి’, రోజుకు ఒక రూపాయి. అదే కాలంలో, 1992లో, నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అనుసంధానాన్ని ప్రయోగంగా మొదలుపెట్టింది. కర్నూలు జిల్లాకు 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం వచ్చింది. మహబూబ్‌నగర్, అనంతపురం కూడా అందులో ఉన్నాయి. ఓర్వకల్లు మండలంలో సంఘాలు గ్రామ సమాఖ్యలై, మండల సమాఖ్యగా ఏర్పడి నిలదొక్కుకున్నాయి. తర్వాత వచ్చిన వెలుగు పథకానికి ఈ అనుభవమే పునాది.

ఇందులో నేను గమనించమనేది ఒక్క సంగతి. ఒక పోరాటం నుంచి పుట్టిన రూపాయి క్రమంగా ఒక క్రమశిక్షణగా మారింది. పంచసూత్రాలు అన్నారు: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. అన్నీ క్రమం తప్పకూడదు. ఈ క్రమం మన సంఘాల బలం, కాదనను. కానీ దాని మీద కన్నేసిన వాళ్లూ ఉన్నారు. ప్రతి వారం ఒకచోట కూర్చుని లెక్క తప్పకుండా కట్టే ఆడవాళ్లు సూక్ష్మరుణ సంస్థలకు సిద్ధం చేసి ఇచ్చిన పంటలా దొరికారు. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులు ఇచ్చి వారం వారం గుమ్మం ముందు కూర్చుంటే, ఆత్మహత్యల దాకా వెళ్లాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ఇక ఈ జిల్లాల సంగతికి వద్దాం. నెలనెలా కట్టే ఖాతా నెలజీతం ఉన్న మనిషిని ఊహించుకుని తయారైంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఆడవాళ్లకు నెల అనేది లేదు, సుగ్గి ఉంది. ఖరీఫు పని అయిపోగానే బిడ్డలను చంకనేసుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు, ఉగాదికి అటూ ఇటూగా తిరిగి వస్తారు. డబ్బు ఒక్కసారిగా చేతికొస్తుంది, ఒక్కసారిగానే పోతుంది. వానలు పడేదాకా మధ్య నెలలు ఎండు నెలలు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి పనిలో ఉన్నవాళ్లది వారం లెక్క. పాలు పోసేవాళ్లది పదిహేను రోజుల లెక్క. వీళ్లందరినీ ప్రతి నెలా అయిదో తేదీన నూరు రూపాయలు కట్టమని, కట్టకపోతే జరిమానా వేసి, హాజరుపట్టీలో గైర్హాజరు రాస్తున్నాం. సుగ్గికి పోయిన మనిషి క్రమశిక్షణ లేనిదవుతుందా? మన సంఘాలలో జరిమానా పద్దు ఎవరి పేర్ల మీద ఎక్కువ ఉందో చూడండి. భూమిలేనివాళ్లు, దళిత స్త్రీలు, వలసపోయేవాళ్లు కనిపిస్తారు. పేదల్లో మరీ పేదలు సంఘాల నుంచి జారిపోవడానికి ఇదొక దారి.

ఇక్కడ పోస్టాఫీసు రికరింగు డిపాజిట్టు నియమాలు మీకు పనికొస్తాయి. నెలకు కనీసం 100 రూపాయలు, అయిదేళ్ల గడువు. ఒక నెల తప్పితే నూటికి ఒక రూపాయి అపరాధ రుసుము. వరుసగా నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. దాన్ని రెండు నెలల్లోపల మళ్లీ తెరిపించుకోవచ్చు. మన వాళ్లకు ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. వాయిదాలు ముందే కట్టవచ్చు. ఆరు నెలలవి ముందుగా కడితే నూటికి 10 రూపాయలు, పన్నెండు నెలలవి కడితే 40 రూపాయలు తగ్గిస్తారు. అంటే సుగ్గి నుంచి వచ్చిన మనిషి, చేతిలో డబ్బు ఉన్న ఆ వారంలోనే ఏడాది వాయిదాలు కట్టేయవచ్చు. 1200 కట్టాల్సిన చోట 1160 కడుతుంది. ఎండు నెలల్లో జరిమానా భయం ఉండదు. ఏడాది వాయిదాలు కట్టాక జమలో సగం దాకా అప్పు కూడా తీసుకోవచ్చు. ఈ నియమం సుగ్గి మనుషుల కోసం పెట్టింది కాదు, కానీ వాళ్లకే సరిగ్గా సరిపోతుంది. సంఘం పొదుపులో కూడా ఇదే పద్ధతి ఎందుకు పెట్టుకోకూడదు? ఉగాది తర్వాత ఒక పెద్ద వాయిదా, మిగతా నెలల్లో ఎంత వీలైతే అంత.

ఇప్పుడు ఒక లెక్క. నెలకు 100 చొప్పున అయిదేళ్లు కడితే కట్టింది 6000. 2025లో ఉన్న 6.7 శాతం వడ్డీతో చేతికొచ్చేది సుమారు 7136. వడ్డీ 1136 రూపాయలు. అదే మనిషి ఇంట్లో 6000 రూపాయల అప్పు మూడు రూపాయల వడ్డీకి ఉందనుకోండి. నెలకు 180. పోస్టాఫీసు అయిదేళ్లలో ఇచ్చేది వడ్డీవ్యాపారి ఏడు నెలలు తిరక్కుండానే తీసుకుపోతాడు. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు వెంటనే, ముందు అప్పు తీర్చండి, ఆ తర్వాత దాచండి అంటారు. లెక్క ప్రకారం వాళ్ల మాట తప్పు కాదు.

కానీ ఆడవాళ్లు అప్పు పక్కన అప్పు ఉండగానే దాచుకుంటారు. ఎందుకని పత్తికొండ దగ్గర ఒక పల్లెలో నేను అడిగితే ఒకామె తేలిగ్గా చెప్పింది: “అప్పు మాయన తెచ్చినాడు. దుడ్లు నేను దాచుకున్యా. ఈ దుడ్లు ఆ అప్పులో పోస్తే రేపు ఇంకో బోరు వేస్తాడు.” ఆమె వడ్డీ లెక్క తెలియక దాచడం లేదు. తన మాట చెల్లే డబ్బు కొంచెమైనా ఉండాలని ఏడాదికి ముప్పై ఆరు శాతం ధర చెల్లిస్తోంది. పొదుపు గురించి మాట్లాడేటప్పుడు మనం ముందు గుర్తించాల్సింది ఈ ధర. నీళ్లు పడని బోర్లకు ఆడవాళ్ల మెడలోని బంగారం తాకట్టుకు పోయిన జిల్లాలివి. అప్పులో పోయకుండా దాచుకోవడం మూర్ఖత్వమని ఆమెకు చెప్పేందుకు నాకు నోరు రాలేదు. ఆ అప్పు మీద, ఆ బోరు మీద ఆమెకు మాట ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు తీర్చమని చెప్పవచ్చు.

సంఘం పొదుపు సంగతి వేరు. పదిమంది నెలకు 100 చొప్పున కడితే ఏడాదికి 12,000, పదేళ్లకు 1,20,000. ఆ డబ్బు బ్యాంకు పొదుపు ఖాతాలో ఊరికే ఉంటే, ఏడాదికి రెండున్నర శాతం అనుకుందాం, 3000 వస్తుంది. అదే బ్యాంకు నుంచి అంతే మొత్తం ఏడు శాతానికి అప్పు తెచ్చుకుంటే 8400 వడ్డీ కడుతున్నాం. మన డబ్బునే ఎక్కువ వడ్డీకి మనం తెచ్చుకోవడం ఇది. సభ్యులకే రూపాయి వడ్డీకి ఇచ్చుకుంటే 14,400 సంఘంలోనే మిగులుతుంది, సభ్యురాలికి మూడు రూపాయల వడ్డీ తప్పుతుంది. మరి ఎందుకు ఊరికే ఉంటోంది? చాలాచోట్ల మేనేజరు, అప్పు ఉన్నన్నాళ్లు పొదుపు ముట్టవద్దని చెప్పడం వల్ల. ఇది నోటిమాట నిబంధన. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘాలకిచ్చే రుణాలపై రిజర్వు బ్యాంకు ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. 10 లక్షల దాకా హామీ అడగకూడదు, సంఘం పొదుపు ఖాతా మీద పట్టు పెట్టకూడదు, రుణం మంజూరుకు డిపాజిట్లు కట్టాలని ఒత్తిడి చేయకూడదు. మేనేజరు కాదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు. అక్కడి నుంచి మాట్లాడటం సులువవుతుంది.

ఇక ఫోను. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయికి రౌండప్ బాగానే ఉంటుంది. పదికి సరిచేసే పద్ధతిలో నెలకు ఇరవై సార్లు కొంటే, సరాసరిన నాలుగైదు రూపాయల చొప్పున 80 నుంచి 100 దాకా తెలియకుండానే పక్కకు పోతుంది. పల్లెలో ఆ లెక్క రెండుచోట్ల ఆగిపోతుంది. మొదటిది, అంగడిలో చాలా సరుకు ఉద్దెర. పద్దు రాయించుకునే చోట సరిచేయడానికి చిల్లర ఏదీ? రెండోది, ఖాతాకు కలిపిన నంబరు మొగుడిదో కొడుకుదో అయి ఉంటుంది. ఆమె దాచిన ప్రతి మూడు రూపాయల వార్తా ముందుగా అతనికే చేరుతుంది. మరుగు లేని పొదుపు నిలవదని ఆవాల డబ్బాకు కూడా తెలుసు. కాబట్టి మీ మొదటి పని ఖాతాకు ఆమె సొంత నంబరు కలిపించడం. ఫోను లేకపోతే ఆ ఖాతాకు పుస్తకం తీసుకుని, నెలకొకసారి అచ్చు వేయించుకోవడం. బ్యాంకుమిత్ర దగ్గర వేలిముద్ర వేసినప్పుడల్లా రసీదు అడగడం.

ఈ చిల్లర ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. కొన్ని యాప్‌లు దాన్ని బ్యాంకు ఖాతాలో కాక ‘డిజిటల్ బంగారం’లో వేస్తాయి. కొనేటప్పుడే 3 శాతం జీఎస్టీ, అమ్మేటప్పుడు కొన్న ధరకూ అమ్మకపు ధరకూ మధ్య తేడా. ఇది తమ నియంత్రణలో లేదని 2025 నవంబరులో సెబీ ప్రజలను హెచ్చరించింది. ప్రొద్దుటూరు బజారులో ముక్కుపుడక కొన్న స్త్రీకి కనీసం ముక్కుపుడక కనిపిస్తుంది. పేరు తెలిసిన ఏజెంటు ఇంటికొచ్చి కట్టించుకుపోయిన అగ్రిగోల్డు వంటి సంస్థల అనుభవం మనకు ఉండనే ఉంది. ఎవరి దగ్గర కట్టినా ఆ సంస్థను ఎవరు నియంత్రిస్తున్నారో అడగాలి. చీటీ అయితే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైందో లేదో చూడాలి. ఇరుగుపొరుగు చీటీలను నేను తప్పుపట్టను. కానీ అది నమ్మకం మీద నడిచే వ్యవహారమని తెలిసే కట్టాలి.

చివరిగా నామినీ గడి. ఫారం నింపే గుమాస్తా అడగకుండానే భర్త పేరు రాసేస్తాడు. విడిగా ఉంటున్నవాళ్ల ఫారంలో కూడా అదే పేరు చూశాను. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. తల్లి పేరు రాయవచ్చు, కూతురి పేరు రాయవచ్చు. ఎప్పుడైనా మార్చవచ్చు. అయితే నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, హక్కుదారు కాదు. ఆ డబ్బు వారసులకే చెందుతుందని 2010లో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాల విషయంలోనే చెప్పింది. కూతురికే చెందాలనుకుంటే వీలునామా రాయాలి. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల సంతకాలు కూడా తీసుకుంటే చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, స్టాంపు అక్కర్లేదు.

సంఘాల పుస్తకాలు వెంట తెమ్మని నిర్వాహకులు ముందే చెప్పారు కాబట్టి, టీ తర్వాత వాటిని తెరుద్దాం. మొదట జరిమానా పద్దు, ఆ తర్వాత బ్యాంకు పొదుపు ఖాతాలో ఊరికే ఉన్న మొత్తం, ఆ తర్వాత నామినీ పేర్లు.