జొన్నకూ రాత్రి కావాలి
(అనంతగిరిలో మన సంఘం కార్తీక వనభోజనాల నాడు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం సంగతులు కార్యదర్శిగారు చెప్పారు. నన్ను ఏదైనా విజ్ఞాన విషయం చెప్పమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను, ముప్పై అయిదేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయితే ఒక ఫైలే నా చేత ఈ విషయం చదివించింది.

1988లో నేను పనిచేసే కార్యాలయానికి తాండూరు వైపు నుంచి ఒక ముసలి రైతు అర్జీ తెచ్చాడు. ఆయన చేను గట్టున కొత్తగా వీధి దీపం వేశారు. "సారూ, దీపం కింద నా జొన్నకు రాత్రి అయితలేదు. కంకి ఎయ్యలే. ఒక రేకు అడ్డం కట్టియ్యుండ్రి" అన్నాడు. సెక్షనంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. "అర్జీకి ఆధారము లేదు. ముగించవచ్చును" అని నోటు పెట్టాను. అది సంతకమై వచ్చింది.

సంక్రాంతి తరువాత ఆ దారిన వెళుతూ చూశాను. చేనంతా గింజ పట్టింది. దీపం పక్క సాళ్లు మాత్రం పచ్చగా ఆకులతోనే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన నాలుగు కంకులూ పిట్టల పాలయ్యాయని తరువాత తెలిసింది.

రైతు చెప్పినది అక్షరాలా నిజం. జొన్న, వరి, గోధుమ, చెరకు, వెదురు, అన్నీ గడ్డి జాతివే. వీటిలో చాలావాటికి పూతకు రావలసిన కాలాన్ని పగలు, రాత్రుల నిడివే చెబుతుంది. ఈ సంగతిని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయా మొక్కల మీద తేల్చారు. మన అనంతగిరి ప్రాంతంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. తేడా రెండు గంటలే. నాటు జొన్నకు ఆ రెండు గంటలు చాలు. హస్త కార్తెలో విత్తిన యాసంగి జొన్న రాత్రులు పెరగడం గమనించి కంకికి సిద్ధమవుతుంది. గోధుమది దీనికి తిరగబడిన స్వభావం, పగలు పెరిగితే దానికి తొందర.

గమనించేది ఆకు. ఆకులో ఫైటోక్రోమ్ అనే వర్ణ పదార్థం ఉంటుంది. చీకటి ఎంతసేపు సాగిందో మొక్కకు తెలియడంలో దాని పాత్ర పెద్దది. నడిరాత్రి కాస్త వెలుగు పడినా ఆ లెక్క చెడుతుంది. లెక్క కుదిరితే ఆకు నుంచి మొవ్వుకు ఒక కబురు వెళుతుంది. ఆ కబురుకు 1937లో సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ ఫ్లోరిజెన్ అని పేరు పెట్టారు. అది ఒక చిన్న మాంసకృత్తు అని వరిలో జపాన్ వారు 2007లో చూపారు. అంటే డెబ్బై ఏళ్లు పెండింగులో ఉన్న ఫైలన్నమాట!

దీనికి తోడు జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఉంది. వరి మొక్కలను పిచ్చిగా పొడుగు పెంచే ఒక తెగులును పరిశీలిస్తూ, 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త దీని జాడ పట్టారు. కాండం సాగడానికి, వెన్ను పైకి రావడానికి ఇది అవసరం. దీన్ని చల్లితే జొన్నలో పూమొగ్గ త్వరగా ఏర్పడుతుందని ప్రయోగాల్లో తేలింది. రై గడ్డిలోనైతే పగలు పెరిగినప్పుడు ఆకు నుంచి మొవ్వుకు వెళ్లే కబురులో ఇదీ ఒకటని ఆస్ట్రేలియా వారు కనుగొన్నారు.

ఊళ్లో భూమి ఉన్నవారికి ఒక మనవి. దీపం వెలుగు పడే సాళ్లలో గింజ కోసం నాటు జొన్న వేయకండి, పశువుల మేతకు వేసుకోండి. అక్కడ కంది వేసినా ఇదే చిక్కు, అదీ పొడుగు రాత్రుల పంటే. అన్నిటికంటే సులువైనది దీపానికి చేను వైపు రేకు కట్టడం.

ఆ రైతు ఇప్పుడు లేడు. క్షమించమని అడిగే అవకాశం నాకు దక్కలేదు. ఆ స్తంభానికి ఇప్పుడు ఎల్‌ఈడీ దీపం వెలుగుతోంది. కిందటి నెల ఆయన మనవడిని కూర్చోబెట్టుకుని, అదే రేకు కోసం నా చేతి రాతతో అర్జీ రాసి ఇచ్చాను. నౌకరీలో ఉన్న మన పిల్లలకు ఒక్క మాట చెబుతాను. "ఆధారము లేదు" అని రాసే ముందు ఒకసారి చేను గట్టు దాకా వెళ్లి రండి.