గెలుపుకి ఖరీదు కట్టేదెవరు?

(ప్రసంగ పాఠం)



క్రీడల్లో స్త్రీల పట్ల వివక్ష గురించి మాట్లాడమన్నారు. నేను అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ని తీసుకుంటున్నాను. ఏటా మార్చిలో జరిగే ఆ జాతీయ టోర్నమెంటులో వివక్ష జమాఖర్చుల్లోనే దొరుకుతుంది.

1998లో స్త్రీల పోటీలో హార్వర్డ్ జట్టు స్టాన్‌ఫర్డ్‌ని 71-67తో ఓడించింది. ఆ విభాగంలో స్టాన్‌ఫర్డ్‌ది మొదటి ర్యాంకు, హార్వర్డ్‌ది చిట్టచివరి పదహారో ర్యాంకు. పైగా ఆడింది స్టాన్‌ఫర్డ్ సొంత కోర్టులో. అక్కడ ఆ జట్టు అంతకుముందు వరసగా 59 ఆటలు గెలిచి ఉంది. స్టాన్‌ఫర్డ్ క్రీడాకారిణులిద్దరు గాయాలతో ఆడలేకపోయిన మాట నిజమే. కానీ ఎలిసన్ ఫీస్టర్ ఒక్కతే 35 పాయింట్లు సాధించిన ఆటని అదృష్టం ఖాతాలో వేస్తామా? పదహారో ర్యాంకు మొదటి ర్యాంకుని ఓడించడం స్త్రీ పురుషులిద్దరి పోటీల్లోనూ అదే మొదలు. మగ జట్లకి ఆ పని చేతనవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 2018లో యూఎంబీసీ వర్జీనియాని ఓడిస్తే "చరిత్రలో మొదటిసారి" అన్నవాళ్లున్నారు. ఎవరి చరిత్రలో?

దీన్ని మతిమరుపు అనుకుని వదిలేయలేం. పురుషుల పోటీ ప్రసార హక్కులు 2010లో 14 ఏళ్లకి 1,080 కోట్ల డాలర్లు పలికాయి. టోర్నమెంటులో జట్టు ఆడిన ఆటలని బట్టి దాని కాన్ఫరెన్సుకి డబ్బు వాటా వెళ్లడం 1991 నుంచీ ఉంది. చిన్న కాలేజీ ఒక్క ఆట గెలిస్తే దాని కూటమి అంతటికీ లాభమే. స్త్రీల జట్లకి మాత్రం 2024 దాకా సున్నా. హార్వర్డ్ గెలుపుకీ సున్నాయే! వాళ్ల పోటీని ఇతర క్రీడలతో కలిపి, సంతలో కొసరు వేసినట్టు, ఈఎస్‌పీఎన్‌కి ఒకే కట్టగా అమ్మారు. ఆపైన "ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు?" అన్నారు.

2021లో ఆడపిల్లలకిచ్చిన నామమాత్రపు వ్యాయామ సామగ్రిని ఒక క్రీడాకారిణి వీడియో తీసి లోకానికి చూపించింది. గొడవయ్యాక నియమించిన న్యాయవాదులు, స్త్రీల పోటీ హక్కులొక్కటే 2025లో ఏడాదికి 8.1 నుంచి 11.2 కోట్ల డాలర్లు చేస్తాయని తేల్చారు. అప్పటికి మొత్తం కట్టకి వస్తున్నది ఏడాదికి సగటున 3.4 కోట్లు.

చూసేవాళ్ల సంగతంటారా? 2024లో సౌత్ కరోలినా, అయోవా ఆడిన స్త్రీల ఫైనల్‌ని అమెరికాలో సగటున సుమారు 1.89 కోట్ల మంది చూశారు. పురుషుల ఫైనల్‌ని 1.48 కోట్ల మంది. మరుసటి ఏడు జనవరిలో స్త్రీల జట్లకీ వాటా ఇవ్వడానికి ఓటు వేశారు. 2024లో కుదిరిన కొత్త ప్రసార ఒప్పందంలో మాత్రం స్త్రీల పోటీ మళ్లీ కట్టలోనే ఉంది. దాని విలువని ఏడాదికి 6.5 కోట్లుగా వేశారు. న్యాయవాదులు చెప్పిన అతి తక్కువ అంకెకన్నా ఇది తక్కువ.