ఫ్లాటు ధర: మన లెక్క మనది
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత ఫ్లాటు కొనేటప్పుడు, అమ్మేవారు చెప్పిన ధర సబబో కాదో తేల్చుకోవడం ఎలాగో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. అయితే ఏ అంకె కనబడినా "దీనికి ఆధారమేమిటి?" అని అడగడం మనకు ఉద్యోగం నేర్పిన విద్య. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము జీవితంలో ఒక్కసారే చేతికొస్తుంది. కనుక ఆ ప్రశ్న ఇక్కడ తప్పకుండా అడగాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. హైదరాబాదులో 20 ఏళ్ళనాటి అపార్ట్‌మెంటు, 1,000 చదరపు అడుగుల ఫ్లాటు, 50 లక్షలు చెప్పారనుకోండి. అడుగు 5,000 అంటారు. కాని ఆ వెయ్యిలో మెట్లు, లిఫ్టు, వరండా వాటాలు కూడా కలిసి ఉంటాయి. టేపు పెట్టి గదులు కొలవండి. 2016 నాటి రెరా చట్టం చెప్పిన కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీలు పోగా లోపల మనం వాడుకునే చోటు. అది 700 అడుగులే తేలితే, అడుగు 7,143 రూపాయలు పడినట్లు. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు ఈ కొలతతోనే పోల్చాలి.

రెండవది స్థలం. దస్తావేజులో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో చూడండి. కట్టడం పాతబడుతుంది, స్థలం పాతబడదు. వాటా 35 గజాలు, ఆ వీధిలో గజం 60,000 అయితే 21 లక్షలు. ఈనాడు కట్టడానికి అడుగుకు 2,000 చొప్పున 20 లక్షలనుకుని, 60 ఏళ్ళ ఆయుష్షులో 20 ఏళ్ళు గడిచినందుకు మూడో వంతు తీసేస్తే 13.33 లక్షలు. వెరసి 34 లక్షల చిల్లర. ఈ రేట్లు లెక్క కోసం నేను వేసుకున్నవి, మీ వీధి రేట్లు మీరు విచారించుకోవాలి. మిగతా 16 లక్షలు దేనికని అమ్మేవారిని అడగండి. కారు పార్కింగు, నీటి వసతి, దగ్గర్లో ఆసుపత్రి ఉంటే కొంత ఇవ్వవచ్చు. ఏమీ చెప్పలేకపోతే అది వారి ఆశే గాని ధర కాదు.

మూడవది అద్దె. నెలకు 12,000 వస్తుందనుకుంటే మెయింటెనెన్సు, ఇంటిపన్ను, మరమ్మతులకు 2,000 పోను ఏడాదికి 1.2 లక్షలు. అంటే 50 లక్షల మీద 2.4 శాతం. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 2024-25లో వడ్డీ 8.2 శాతం. కాపురానికైతే సంగతి వేరు. రాబడి కోసమైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ధర పెరుగుతుందంటారు. పెరగవచ్చు. రేపు పెరగబోయే దానికి ఈరోజే సొమ్ము కట్టడమెందుకు?

నాలుగవది విచారణ. ఈసీ తీయిస్తే రిజిస్టరైన తాకట్టులున్నదీ లేనిదీ, ఫ్లాటు ఎప్పుడెప్పుడు ఎంతకు చేతులు మారిందీ తెలుస్తుంది. దస్తావేజులో రాసిన మొత్తం అసలు ధరకంటె తక్కువ ఉండవచ్చు కనుక ఆ అపార్ట్‌మెంటు వారినీ, వాచ్‌మన్‌నూ అడగండి. పై అంతస్తు అయితే వానాకాలంలో చూడండి, బోరు సంగతి ఎండాకాలంలో చూడండి. రిజిస్ట్రేషన్ ఖర్చు మరిచిపోవద్దు. తెలంగాణలో 2021 జూలైలో స్టాంపు, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం చేశారు. కొనేనాటికి ఎంత ఉందో కనుక్కోండి.

"ఇంకో పార్టీ అడ్వాన్సుతో సిద్ధంగా ఉంది" అని బ్రోకరు తొందరపెడతాడు. బేరానికి వెళ్ళకముందే భార్యాబిడ్డలతో కూర్చుని మన హద్దు ఎంతో కాగితం మీద రాసుకోండి. ఆ హద్దు దాటితే నమస్కారం పెట్టి లేచి రండి. ఊళ్ళో ఫ్లాట్లకు కొరత లేదు. అమ్ముకునే పెన్షనరుకూ ఇదే లెక్క పనికివస్తుంది, తక్కువకు అడిగేవారికి ఆధారంతో జవాబు చెప్పవచ్చు.