ఆటలు కావాలి, లెక్కా కావాలి

(పలాసలో రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జీడి, కొబ్బరి ధరల గురించి మాట్లాడాల్సిన చోట ఒలింపిక్స్ గొడవ ఎందుకని కొందరు అడిగారు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. 2036 ఒలింపిక్స్ కోసం కూడా మన దేశం ప్రయత్నిస్తోంది. ఇంత పెద్ద ఆటలకు ముందుగా కావాల్సినవి భూమి, కూలీలు. ఆ రెండూ ఎక్కువగా పల్లెల నుంచే పోతాయి. అందుకే ఈ మాట.

మేము ఆటలకు వ్యతిరేకం కాదు. 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయిన కరణం మల్లీశ్వరి మన సిక్కోలు బిడ్డే. ఆటల పేరుతో జరిగే దాని మీదే మా పేచీ.

ముందు భూమి సంగతి చూద్దాం. 2003లో హైదరాబాదులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. అదే ఏడాది, క్రీడా అకాడమీలు కడతామన్న ఐఎంజీ భారత కంపెనీతో అప్పటి ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. గచ్చిబౌలి దగ్గర 400, మామిడిపల్లి దగ్గర 450, మొత్తం 850 ఎకరాలు. 2006లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ రద్దు సరైనదేనని హైకోర్టు తేల్చేసరికి 2024 వచ్చింది. అకాడమీ ఒక్కటీ రాలేదు. ఆ గచ్చిబౌలి 400 ఎకరాల్లోనే ఐటీ పార్కు కోసం చెట్లు నరుకుతుంటే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది.

ఇలాంటివి మనం చూడనివా? సోంపేట బీలను కాగితాల మీద బీడు భూమి అన్నారు. థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు విమానాశ్రయం పేరిట మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మళ్లీ భూముల మాట నడుస్తోంది.

ఇక కూలీల సంగతి. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఖతార్ ఏడు స్టేడియాలు కొత్తగా కట్టింది. కట్టినవాళ్లు భారత్, నేపాల్, బంగ్లాదేశ్ లాంటి దేశాల వలస కూలీలు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చాలామంది అప్పుచేసి ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్లారు. యజమాని ఒప్పుకోనిదే పని మారే వీలు ఉండేది కాదు. కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడిగాక 2020లో ఆ నిబంధన తీసేశారు. 2021లో నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం వచ్చింది. వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధించారు. పోరాడితేనే ఆ మాత్రమైనా వచ్చింది. కర్బన కాలుష్యం మిగలని కప్ అన్న ఫిఫా ప్రచారం కూడా తప్పుదోవ పట్టించేదని 2023లో స్విట్జర్లాండ్‌లోని ప్రకటనల పరిశీలన సంస్థ తేల్చింది.

ఉద్దానం కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కు, సింగపూర్‌కు పోవడం ఇంటింటి కథ. 2018లో తిత్లీ తుపాను తోటలను నేలకూల్చాక ఆ అప్పుల బరువు ఇంకా పెరిగింది. పైగా మనది కిడ్నీ జబ్బు ప్రాంతం. దాని మూలకారణం ఇప్పటికీ తేలలేదు. కానీ మండుటెండలో, తాగునీరు చాలక, రోజుల తరబడి చేసే కష్టం కిడ్నీలను దెబ్బతీస్తుందని వైద్యులు చెబుతున్నారు. పనికి పోయిన కుర్రాడు రోగంతో తిరిగొచ్చి పలాస ఆసుపత్రి చుట్టూ తిరిగితే, ఆ ఖర్చు ఏ స్టేడియం లెక్కలోనూ కనపడదు.

వేరే దారి లేదా అంటే ఉంది. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో 95 శాతం వేదికలు అంతకుముందు ఉన్నవో, తాత్కాలికంగా వేసినవో. కాబట్టి మా డిమాండ్లు ఇవి.

ఒకటి: ఉన్న స్టేడియాలు వాడుకోవాలి. పంట భూమి, చెరువు, అడవి ముట్టుకోకూడదు. తప్పదంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనం జరిపి, ఊరి మాట విన్నాకే అడుగు వేయాలి.

రెండు: పనికి తీసుకెళ్లే ప్రతి కూలీకి తన భాషలో రాసిచ్చిన కూలి కాగితం, మంచినీళ్లు, ఎండవేళ విశ్రాంతి, వైద్య పరీక్షలు ఉండాలి. ఏజెంటు ఖర్చు కాంట్రాక్టరే భరించాలి.

మూడు: ఆటలు ముగిశాక ఆ కట్టడాలు ఎవరికి ఉపయోగపడుతున్నాయో ఏటా లెక్క చెప్పాలి. ఆ ఖర్చులో కొంతైనా పల్లె బడుల ఆటస్థలాలకు రావాలి.

చివరిగా ఒక్క మాట. ఈ పనులకు మీ ఇంటి నుంచి ఎవరైనా బయలుదేరితే, ఏజెంటు చేతిలో రూపాయి పెట్టకముందే సంఘం దగ్గరకు రండి. కాగితాలు కలిసి చదువుదాం. పేరు, పనిచేసే చోటు, కాంట్రాక్టరు వివరం రాయించి వెళ్లండి. రేపు ఏ కష్టం వచ్చినా అడగడానికి మన చేతిలో ఆధారం ఉండాలి.