ఐదు లక్షల ఒకటి

500001 అనేది హైదరాబాద్ అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు పిన్ కోడ్. నాంపల్లి స్టేషన్ రోడ్డు చిరునామాల్లోనూ ఇదే ఉంటుంది. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతిలో చివరి మూడంకెలు ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసును చూపుతాయి.

గణితంలో ఇది బేసి సంఖ్య. అంకెల మొత్తం 6 గనుక 3 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 166667. అసలు అందం ఇక్కడే ఉంది. ఈ భాగఫలానికి వర్గమూలం 408 పైచిలుకు. అంతవరకూ ఉన్న 79 ప్రధాన సంఖ్యల్లో ఏ ఒక్కటీ దాన్ని శేషం లేకుండా భాగించదు. కాబట్టి అదీ ప్రధాన సంఖ్యే. అంటే 500001 సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. కారణాంకాలు నాలుగే: 1, 3, 166667, 500001. చివరిది వదిలి మిగతావి కూడితే 166671, సంఖ్యలో సగం కూడా కాదు. కారణాంకంగా 3 ఒక్కసారే రావడం వల్ల దీన్ని రెండు పూర్ణవర్గాల మొత్తంగా రాయడమూ కుదరదు.